ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్కులు: సెట్టింగా, స్విచ్చా?

చౌరస్తా డీటీపీ (హన్మకొండ)

అందరికీ నమస్తే. హన్మకొండ చౌరస్తా దగ్గర మాది డీటీపీ షాపు. లగ్నపత్రికలు, ఫ్లెక్సీలు, బిల్లు బుక్కులు చేస్తాం. కొన్నాళ్లుగా మౌస్ సతాయిస్తోంది. ఎడమ బటన్ ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకుంటోంది. ప్రతిసారీ కూడా కాదు, అదే అసలు చిరాకు.

కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లకు ఈ బాధ చెప్పక్కర్లేదు. పత్రిక మీది గణపతి బొమ్మను ఒకసారి క్లిక్ చేస్తే చుట్టూ నల్ల చుక్కలు రావాలి. నాకేమో రెండో క్లిక్ కూడా పడి, బొమ్మను తిప్పే బాణాలు వచ్చేస్తున్నాయి. చూసుకోకుండా మూల పట్టుకుని లాగితే గణపతి పెద్దగా అవడానికి బదులు పక్కకు ఒరుగుతున్నాడు. ఫోటో పట్టుకుని జరుపుతుంటే సగం దారిలో వదిలేస్తోంది. కస్టమర్ పక్కనే కుర్చీ వేసుకుని స్క్రీన్ చూస్తుంటాడు కదా, "ఏందన్నా, చెయ్యి వణుకుతోందా" అని అడుగుతున్నారు.

వైరు మౌస్, విండోస్ 10. లగ్గాల సీజన్‌లో షాపు ఆపుకుని రిపేరు షాపుల చుట్టూ తిరిగే తీరిక లేదు. నేనే చేసుకోగలిగేది ఏదైనా ఉంటే చెప్పండి.

కాజీపేట గేమర్

అన్నా, కొత్తది కొనెయ్. నాలుగైదు వందలు పెడితే మంచి వైరు మౌస్ వస్తుంది. ఇంత టెన్షన్ ఎందుకు?

చౌరస్తా డీటీపీ (హన్మకొండ)

కొనడం పెద్ద లెక్క కాదు తమ్మీ. చేతికి అలవాటైన మౌస్, ఆ మోడల్ ఇప్పుడు దొరకట్లేదు. పైగా షాపులో అట్లాంటివే ఇంకో రెండున్నాయి. వాటికీ ఇదే రోగం మొదలయ్యేటట్టుంది.

జగిత్యాల పంతులు

ముందు పైసా ఖర్చు లేనివి చూసుకోండి. కంట్రోల్ ప్యానెల్‌లో మౌస్ తెరిస్తే బటన్స్ అనే ట్యాబ్‌లో డబుల్ క్లిక్ స్పీడ్ ఉంటుంది. దాన్ని ఫాస్ట్ వైపుకు జరపండి.

రెండోది, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో జనరల్ కింద ఫైలు ఒక క్లిక్‌తో తెరవాలా, రెండు క్లిక్‌లతో తెరవాలా అని ఉంటుంది. నేను పనిచేసిన బడిలో ఎవరో పిల్లలు దాన్ని ఒక క్లిక్‌కు మార్చి పెట్టారు. మౌస్‌లన్నీ పాడయ్యాయని కంప్యూటర్ గదిలో ఒకటే గోల. కొత్త మౌస్‌లకు ఇండెంట్ కూడా రాయబోయారు.

చౌరస్తా డీటీపీ (హన్మకొండ)

పంతులు గారూ, రెండూ చూశాను. ఆ ఆప్షన్ రెండు క్లిక్‌ల మీదే ఉంది. స్పీడ్ చివరిదాకా జరిపినా తేడా లేదు. పైగా ఇప్పుడు నేను కావాలని డబుల్ క్లిక్ చేస్తే ఫోల్డర్ తెరుచుకోవట్లేదు, మౌస్ తనంతట తాను చేస్తే మాత్రం తెరుచుకుంటోంది!

ఓరుగల్లు ఐటీ

అది తమాషా కాదన్నా, మీ జబ్బేంటో చెప్పేది అదే.

దాదాపు ఒకేచోట, కొంత గడువులోపు రెండు క్లిక్‌లు పడితే విండోస్ దాన్ని డబుల్ క్లిక్ అనుకుంటుంది. ఆ గడువు మామూలుగా 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను. స్పీడ్‌ను ఫాస్ట్ చివరికి జరిపితే 200 దాకా తగ్గుతుంది. మీ వేలు అంత త్వరగా రెండుసార్లు నొక్కలేకపోతోంది, అందుకే ఫోల్డర్ తెరుచుకోవట్లేదు. పాడైన బటన్ నుంచి వచ్చే దొంగ క్లిక్ మాత్రం కొన్ని పదుల మిల్లీసెకన్లలోనే వచ్చి పడుతుంది. 200 గడువు దానికి బోలెడు. కాబట్టి స్పీడ్‌ను మళ్లీ మధ్యలో పెట్టేసుకోండి.

ఇప్పుడు బటనా, కంప్యూటరా అనేది తేల్చుకోవాలి. ఆ మౌస్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి చూడండి. తర్వాత సెట్టింగ్స్‌లో ప్రైమరీ బటన్‌ను కుడికి మార్చి, కాసేపు కుడి బటన్‌తోనే పనిచేయండి. కుడితో పని సాఫీగా సాగితే ఎడమ బటన్ కింది స్విచ్ పోయినట్టే.

ఇంకో పరీక్ష నాకు బాగా ఇష్టం. పెయింట్ తెరిచి, బ్రష్‌తో బటన్ వదలకుండా మెల్లగా ఒక పొడవాటి వంకర గీత గీయండి. తర్వాత చివరి పనిని వెనక్కి తీసే కంట్రోల్ జెడ్ ఒక్కసారే కొట్టండి. గీత మొత్తం పోవాలి. సగం పోయి సగం మిగిలితే, మీరు వదలకపోయినా బటన్ మధ్యలో వదిలి మళ్లీ పట్టుకుందన్నమాట. ఫోటో సగం దారిలో జారిపోవడానికీ కారణం అదే.

పెద్దపల్లి సేవా కేంద్రం

అన్నా, మీకు గణపతి ఒరిగితే సరిచేసుకోవచ్చు. మా పనిలో ఇది పైసలతో వ్యవహారం. దరఖాస్తు నింపి చివర్లో సబ్మిట్ నొక్కితే రెండుసార్లు వెళ్లి, ఫీజు రెండుసార్లు కట్ అయింది. ఆ రైతుకు పైసలు వెనక్కి ఇప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. సరిగ్గా కట్టిన వెబ్‌సైట్ అయితే మొదటి క్లిక్ పడగానే బటన్‌ను పనిచేయకుండా ఆపేస్తుంది. అన్నీ అట్లా ఉండవు.

అప్పటి నుంచి డబ్బు కట్టే పేజీలో నేను మౌస్ ముట్టను. ట్యాబ్ కీతో ఆ బటన్ మీదికి వెళ్లి స్పేస్ నొక్కుతాను. మౌస్ బాగయ్యేదాకా మీరూ అట్లా చేసుకోండి.

చౌరస్తా డీటీపీ (హన్మకొండ)

మంచి మాట చెప్పారు అక్కా. ఐటీ అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. పెయింట్‌లో గీత మూడు ముక్కలుగా పోయింది. కుడి బటన్‌తో ఏ ఇబ్బందీ లేదు. మా ఇంట్లో ల్యాప్‌టాప్‌కు పెట్టినా ఎడమ బటన్‌ది అదే వరస. ఇక మౌస్‌నే చూడాలి.

టంకం బాబాయ్ (కరీంనగర్)

స్విచ్చే. అనుమానం లేదు.

బటన్ కింద బోర్డు మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, మైక్రోస్విచ్ అంటారు. పొడవు 12.8 మిల్లీమీటర్లు, వెడల్పు 5.8. పైన బియ్యపు గింజంత మీట. మూత తీస్తే లోపల పలచని రాగి మిశ్రమం రేకు కనిపిస్తుంది. దాని మధ్య నాలుకను వంచి బిగించి ఉంచుతారు. మీట నొక్కగానే రేకు టక్కున ఎగిరి కింది కాంటాక్టుకు తగులుతుంది. మనకు వినబడే టిక్ అదే.

లోహానికి లోహం తగిలినప్పుడు ఒక్క దెబ్బకు అతుక్కుని నిలబడదు. కొత్త స్విచ్ కూడా కొద్దిగా ఎగిరెగిరి పడి అప్పుడు కుదురుకుంటుంది. దీన్ని బౌన్స్ అంటారు. మౌస్‌లోని చిప్‌కు ఈ సంగతి తెలుసు, అందుకే మొదటి తాకిడి తర్వాత కొన్ని మిల్లీసెకన్ల దాకా ఏం జరిగినా పట్టించుకోదు. రేకు బిగువు తగ్గినా, కాంటాక్టు మీద మసక పొర పట్టినా ఆ ఎగురుడు చిప్ వదిలేసే సమయాన్ని దాటిపోతుంది. చిప్ పాపం మీరే మళ్లీ నొక్కారనుకుంటుంది.

పొర ఎందుకు పడుతుందంటే, మౌస్‌లో ఈ స్విచ్ గుండా పోయే కరెంటు చాలా తక్కువ. ఎక్కువ కరెంటు పోయే చోట కాంటాక్టులు కలిసినప్పుడల్లా ఆ సన్నని పొర తనే తెగిపోతుంది. ఇక్కడ ఆ వీలు లేదు. అందుకే తక్కువ కరెంటు కోసమని బంగారు పూత కాంటాక్టులతో వేరే రకాలు చేస్తారు, ఒమ్రాన్ కంపెనీ డి2ఎఫ్-01ఎఫ్ అట్లాంటిదే. మౌస్‌లలో ఎక్కువగా కనిపించేది అదే కంపెనీ డి2ఎఫ్‌సి-ఎఫ్-7ఎన్. అందులోనే కోటి క్లిక్కులది, 2 కోట్లది, 5 కోట్లది అని రకాలున్నాయి. ఆ అంకెలు చూసి కాంటాక్టు కూడా అన్నాళ్లు శుభ్రంగా ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు.

ముందు శుభ్రం చేసి చూడండి. వారంటీ ఉంటే మాత్రం విప్పకండి, కంపెనీకి పంపండి. విప్పారంటే వారంటీ పోయినట్టే.

కాజీపేట గేమర్

బాబాయ్, మా హాస్టల్‌లో ఒకడు బటన్ సందులోంచి బాడీ స్ప్రే కొట్టాడు, రెండ్రోజులు బాగానే పనిచేసింది. ఇంకొకడు పెట్రోల్ అంటున్నాడు. తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40 కూడా చాలామంది చెప్తారు కదా?

టంకం బాబాయ్ (కరీంనగర్)

బాడీ స్ప్రేలో ఉన్న ఆల్కహాల్ ఆ రెండ్రోజులు పనిచేసింది, సెంటు జిగురు తర్వాత పనిచేసింది. పెట్రోల్ వద్దే వద్దు తమ్మీ, ప్లాస్టిక్ పాడవుతుంది, నిప్పు భయం వేరే. మామూలు డబ్ల్యూడీ-40 నూనె పొర మిగులుస్తుంది, దానికి దుమ్ము పడుతుంది. అదే పేరుతో కాంటాక్ట్ క్లీనర్ అని వేరే డబ్బా దొరుకుతుంది, అది వాడొచ్చు. లేదంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. శానిటైజర్‌లో గ్లిజరిన్ ఉంటుంది, పనికిరాదు.

వైరు పీకి పెట్టుకోవాలి. స్క్రూలు సాధారణంగా కింద జారుడు ప్యాడ్‌ల వెనక, లేబుల్ వెనక దాక్కుని ఉంటాయి. లేబుల్ మీద వేలితో రుద్దితే గుంట తగులుతుంది. పై మూత ఒక్కసారి గుంజి తీయకండి, కొన్నింటిలో పైకీ కిందికీ మధ్య సన్నని పట్టీ కేబుల్ ఉంటుంది. స్విచ్ మీట పక్కన ఒక్క చుక్క వేసి, పదీ ఇరవైసార్లు టకటకా నొక్కండి. పూర్తిగా ఆరాకే వైరు పెట్టండి.

అంతకంటే గట్టిగా శుభ్రం చేయాలంటే స్విచ్ మూత పక్కలనున్న కొక్కేలను బ్లేడుతో మెల్లగా లేపి, కాంటాక్టుల మధ్య తెల్లకాగితం పట్టీ పెట్టి, రేకును వేలితో అదిమి కాగితాన్ని లాగాలి. నల్లటి గీత కాగితం మీదికి వస్తుంది. మూత లేపేటప్పుడు కింద తెల్లగుడ్డ పరుచుకోండి. మీట ఎగిరి పడితే నేల మీద దొరకడం కష్టం. రేకును బయటికి తీసి వంపు సరిచేసే వీడియోలు చాలా ఉన్నాయి. కుదిరితే బ్రహ్మాండం. కానీ ఆ నాలుకను మళ్లీ గాడిలో కూర్చోబెట్టేసరికి నా కళ్లకే నీళ్లొస్తాయి. అంత ఓపికుంటే కొత్త స్విచ్ వేసుకోవడమే నయం.

హాస్టల్ లినక్స్

విప్పేదాకా పని ఆగకూడదంటే సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకురావచ్చు. విండోస్‌లో ఆటోహాట్‌కీ అని ఉచిత ప్రోగ్రాం ఉంది. కిందటి క్లిక్ పడి 60, 70 మిల్లీసెకన్లు కాకముందే వచ్చిన క్లిక్‌ను మింగేయమని అందులో నాలుగు లైన్లు రాసుకుంటే చాలు. గడువు 100 దాటించకండి, మీరు నిజంగా చేసే డబుల్ క్లిక్ కూడా మింగేస్తుంది. గేమ్స్ ఆడేవాళ్లు జాగ్రత్త, కొన్ని గేమ్‌లలో మోసాన్ని పట్టే యాంటీచీట్ ఈ ప్రోగ్రాంను చూస్తే ఒప్పుకోదు.

ఇంకో సంగతి. లినక్స్‌లో మౌస్, కీబోర్డులను చూసుకునే లిబ్‌ఇన్‌పుట్ అనే భాగం ఈ దొంగ క్లిక్‌లను తనే కొంతవరకు వడపోస్తుంది. అందుకే అదే మౌస్ ఉబుంటు అనే లినక్స్‌లో బాగుండి విండోస్‌లో ఏడిపించవచ్చు. దాన్ని చూసి "విండోస్ తప్పు" అని మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మొదలుపెట్టకండి.

గోదావరిఖని షిఫ్ట్

నాకు వైర్‌లెస్ మౌస్. క్లిక్ పడట్లేదు, అప్పుడప్పుడు బాణం ఆగి ఆగి కదులుతుంది. నాదీ స్విచ్చేనా?

ఓరుగల్లు ఐటీ

కాదన్నా. క్లిక్ పడకపోవడం వేరు, రెండు పడటం వేరు. ముందు బ్యాటరీ మార్చండి. తర్వాత కంప్యూటర్‌కు పెట్టే చిన్న యూఎస్‌బీ రిసీవర్ ఎక్కడ పెట్టారో చూడండి. పక్కనే యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్ డిస్క్ ఉంటే దాని రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు అడ్డం పడుతుంది. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ను మౌస్ దగ్గరికి తెచ్చి చూడండి.

గోదావరిఖని షిఫ్ట్

హార్డ్ డిస్క్ పీకగానే సాఫీగా కదులుతోంది. థాంక్స్ అన్నా. కానీ చౌరస్తా అన్న విషయంలో నా మాట ఒకటి. ఇంత చిన్న దానికి ఆల్కహాల్, క్లీనర్, స్విచ్‌కు టంకం పెట్టే సోల్డరింగ్ గన్ అని కొంటే మౌస్ ఖరీదు దాటిపోతుంది. ఇది పొదుపు కాదు, సరదా.

టంకం బాబాయ్ (కరీంనగర్)

ఒక్క మౌస్ కోసమైతే మీ మాటే కరెక్ట్. మూడు వందల రూపాయల మౌస్‌కు రిపేరు మనిషిని పెట్టుకుంటే కూలి కూడా రాదు. కానీ ఆయన దగ్గర మూడున్నాయి, పైగా చేతికి కుదిరినవి. స్విచ్‌లు ఒక్కోటి పదుల రూపాయల్లోనే వస్తాయి. సోల్డరింగ్ గన్ షాపులో వంద పనులకు పనికొస్తుంది. నాలుగు వేల గేమింగ్ మౌస్ అయితే అసలు ఆలోచనే వద్దు, స్విచ్ మార్చుకోవాల్సిందే.

చౌరస్తా డీటీపీ (హన్మకొండ)

ఆదివారం షాపు మూశాక కూర్చున్నా. కాంటాక్ట్ క్లీనర్ చుక్క వేస్తే రెండు మూడు రోజులు బాగుంది, మళ్లీ మొదలైంది. ఇక స్విచ్ మార్చాల్సిందే అనుకుంటున్నా. స్టేషన్ రోడ్డులో టీవీలు బాగుచేసే దోస్తు దగ్గర సోల్డరింగ్ గన్ ఉంది. కానీ స్విచ్ ఇక్కడ దొరకలేదు. ఆన్‌లైన్‌లో పెడితే రావడానికి టైమ్ పడుతుంది. అప్పటిదాకా కుడి బటన్ స్విచ్ పీకి ఎడమకు వేస్తే నడుస్తుందా?

టంకం బాబాయ్ (కరీంనగర్)

భేషుగ్గా నడుస్తుంది. కుడి బటన్‌ను మనం నొక్కేది చాలా తక్కువ, కాబట్టి అది ఇంకా గట్టిగానే ఉంటుంది. పాతది కుడికి వేయండి.

పీకేటప్పుడు మాత్రం తొందర వద్దు. కంపెనీ బోర్డుల మీద ఉండేది ఎక్కువగా సీసం లేని సోల్డర్ (టంకం), అది 217 డిగ్రీల పైన గానీ కరగదు. బజార్లో దొరికే సీసం కలిపిన సోల్డర్ 183 దగ్గరే మెత్తబడుతుంది. అందుకని ముందు మూడు కాళ్లకూ కొంచెం ఫ్లక్స్ (టంకం బాగా పారేలా చేసే పూత), కొంచెం కొత్త సోల్డర్ పెట్టి కలపండి. అప్పుడు రాగి జడ పట్టీతో అద్దితే మొత్తం లాగేస్తుంది. సోల్డర్ కరగకముందే గుంజితే బోర్డు మీది రాగి పొర లేచి వస్తుంది. అప్పుడు కాజీపేట తమ్ముడన్నట్టు కొత్త మౌసే.

మూడు కాళ్లలో ఒకటి చాలా మౌస్‌లలో ఊరికే ఉంటుంది. కొన్నింటిలో మాత్రం చిప్ రెండు కాంటాక్టులనూ చూస్తుంది. కాబట్టి మూడూ అంటించండి. మీట డబ్బాకు సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. పాతది ఎటు ఉందో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే పైబటన్ మీటకు తగలదు.

హైదరాబాద్ పోయేవాళ్లు ఎవరైనా ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో అడగమనండి. పార్టుల దుకాణాలన్నీ అక్కడే.

పెద్దపల్లి సేవా కేంద్రం

బాబాయ్, మా దగ్గర చప్పుడు రాని సైలెంట్ మౌస్‌లున్నాయి. వాటికీ ఇవే స్విచ్‌లు వేయొచ్చా?

టంకం బాబాయ్ (కరీంనగర్)

వేస్తే చప్పుడొస్తుందమ్మా. సైలెంట్ వాటికి సైలెంట్ స్విచ్‌లే వేరుగా ఉంటాయి. ముందు ఒకటి విప్పి కొలత, కాళ్లు చూసుకోండి. పలచటి మౌస్‌లలో బోర్డు మీద అతికించే చిన్న రకం ఉంటుంది, దానికి ఈ సైజు సరిపోదు.

కాజీపేట గేమర్

ఆప్టికల్ స్విచ్‌లని వస్తున్నాయి కదా, వాటితో ఈ గోలే ఉండదంటున్నారు. నిజమేనా? నాది కొత్త గేమింగ్ మౌస్, లోహపు స్విచ్. సాఫ్ట్‌వేర్‌లో డీబౌన్స్ టైమ్ సున్నా పెట్టాను, అప్పటి నుంచి ఇదీ డబుల్ కొడుతోంది.

హాస్టల్ లినక్స్

ఆప్టికల్‌లో లోహం తగలడం ఉండదు. పరారుణ కాంతిని ఒక పలక అడ్డుకోవడమో వదలడమో జరుగుతుంది, కాబట్టి బౌన్స్ ప్రశ్నే లేదు. రేజర్ కంపెనీ 2019లో వైపర్ అనే మౌస్‌లో తెచ్చింది. ఖరీదు చూసుకో.

నీ మౌస్‌కు ఏం కాలేదు. బాబాయ్ చెప్పిన ఆ ఎగురుడును వదిలేయొద్దని నువ్వే చిప్‌కు చెప్పావు. 8 మిల్లీసెకన్ల దగ్గర పెట్టు. ఆ తేడా నీ ఆటలో కనబడదు.

చౌరస్తా డీటీపీ (హన్మకొండ)

అయిపోయింది! దోస్తు సోల్డర్ కరిగిస్తుంటే నేను స్విచ్ పట్టుకున్నా. కుడిది ఎడమకు, ఎడమది కుడికి. పెయింట్‌లో గీత గీసి కంట్రోల్ జెడ్ కొడితే మొత్తం ఒక్కసారే పోయింది. ఇప్పుడు కుడి బటన్ నొక్కితే మెనూ ఒక్కోసారి వచ్చి వెంటనే మాయమవుతోంది గానీ, దానితో నా పని ఆగదు. పాత స్విచ్ మూత తీసి చూశాం బాబాయ్, మీరన్నట్టే కాంటాక్టు కొస మీద సూదిమొనంత నల్ల మచ్చ ఉంది.

మా అల్లుడు హైదరాబాద్‌లో ఉంటాడు, కోఠీ నుంచి పది స్విచ్‌ల ప్యాకెట్ పంపుతున్నాడు. మూడు మౌస్‌లకూ రెండువైపులా వేసేస్తా. నాలుగు మిగులుతాయి, ఎవరికైనా కావాలంటే చౌరస్తాకు వచ్చి తీసుకోండి.

గోదావరిఖని షిఫ్ట్

నాకొకటి పక్కన పెట్టండన్నా. పాత మౌస్ ఒకటి అటక మీద ఉంది.

చౌరస్తా డీటీపీ (హన్మకొండ)

పెట్టినా. రెండు తీసుకోండి, కుడివైపుకు కూడా కావాలి కదా. సోల్డరింగ్ మాత్రం దోస్తు దగ్గర, స్టేషన్ రోడ్డులో. సాయంత్రం ఆరు తర్వాతే ఉంటాడు.